రికార్డు అట్ట వెనక పేర్లు

వినదగిన, కొని దాచుకోదగిన జాజ్ ఆల్బమ్‌లంటూ సంగీత పత్రికలు, పుస్తకాలు ప్రకటించిన జాబితాలు చాలా ఉన్నాయి. ఎవరు తయారుచేసినా పై వరసలో పేర్లు పెద్దగా మారవు. మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ', జాన్ కోల్ట్రేన్ 'ఎ లవ్ సుప్రీమ్', డేవ్ బ్రూబెక్ 'టైమ్ ఔట్', చార్లెస్ మింగస్ 'మింగస్ ఆ ఉమ్', సోనీ రోలిన్స్ 'శాక్సఫోన్ కొలోసస్'. కాస్త కిందికి వెళితే బిల్లీ హాలిడే, ఎల్లా ఫిట్జెరాల్డ్ కనిపిస్తారు. ఇద్దరూ గాయనులు. పియానో ముందు కూర్చున్న స్త్రీ, బాణీ కట్టిన స్త్రీ, ఎవరు ఎక్కడ ఏం వాయించాలో కాగితం మీద రాసిపెట్టిన స్త్రీ కోసం ఇంకా చాలా కిందికి దిగాలి. ఒక్కోసారి జాబితా అయిపోతుంది కానీ ఆమె రాదు.

నేను సాహిత్య విద్యార్థిని. పరిశోధన చేసినన్నాళ్లూ కవితా సంకలనాల విషయసూచికలు చదవడమే నా పని. ఎవరు చేరారు, ఎవరు చేరలేదు, చేరినవాళ్లు ఏ హోదాలో చేరారు అని లెక్కపెట్టడం అలవాటైపోయింది. హాస్టల్లో ఒక స్నేహితురాలి పుణ్యమా అని జాజ్ చెవిన పడ్డాక కూడా ఆ అలవాటు పోలేదు. ఆనందంగా విందామని కూర్చుంటాను, చేతులు మాత్రం అట్ట తిప్పి వెనక వైపు చూస్తాయి. ముందు వైపు ఒక పేరు ఉంటుంది. వెనక వైపు చిన్న అక్షరాల్లో చాలా పేర్లు ఉంటాయి. జాజ్‌లో స్త్రీల చరిత్ర చాలావరకు ఆ చిన్న అక్షరాల్లోనే ఉంది.

అసలు 'ఆల్బమ్' అనే కొలబద్ద దగ్గరే మొదటి చిక్కు. 1948కి ముందు రికార్డంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పళ్లెం. ఒక్కో వైపు మూడు నిమిషాల పాట. కొన్ని పళ్లాలను కలిపి ఫోటోల ఆల్బమ్‌లాంటి అట్టల పుస్తకంలో అమ్మేవారు, ఆ పేరే తర్వాత నిలిచిపోయింది. 1948లో కొలంబియా కంపెనీ నిమిషానికి ముప్పయ్‌మూడున్నొక్క మూడోవంతు చుట్లు తిరిగే లాంగ్ ప్లే రికార్డు తెచ్చింది. ఒక వైపున ఇరవై నిమిషాలకు పైగా సంగీతం పట్టే సౌకర్యం వచ్చింది. 'గొప్ప ఆల్బమ్' అనే ఊహ ఆ తర్వాతిది. దాన్ని పట్టుకుని వెనక్కి కొలిస్తే 1920ల సంగీతం దానంతటదే పక్కకు పోతుంది. 1920లే నల్లజాతి స్త్రీలు అమెరికన్ రికార్డు పరిశ్రమను తమ గొంతులతో మలుపు తిప్పిన కాలం.

1920 ఆగస్టులో మేమీ స్మిత్ ఓకే కంపెనీకి 'క్రేజీ బ్లూస్' పాడింది. నల్లవాళ్లు రికార్డులు కొంటారా అని అప్పటిదాకా సందేహించిన కంపెనీలు ఆ అమ్మకం చూసి వాళ్ల కోసం ప్రత్యేకంగా శాఖలే తెరిచాయి. 1923లో బెస్సీ స్మిత్ కొలంబియాకు తన తొలి రికార్డు ఇచ్చింది. 'డౌన్‌హార్టెడ్ బ్లూస్'. 7 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయని చెబుతారు. పాడినందుకు ఆమెకు దక్కింది ఒకసారికి ఇచ్చే కూలి మాత్రమే, అమ్మకంలో వాటా లేదు. 1937లో కారు ప్రమాదంలో చనిపోయింది. సమాధి మీద రాయి లేకుండా ముప్పయ్యేళ్లు గడిచాయి. 1970లో గాయని జానిస్ జాప్లిన్, చిన్నప్పుడు బెస్సీ ఇంట్లో పనిచేసిన జువానిటా గ్రీన్ కలిసి డబ్బు పెట్టి రాయి వేయించారు. అదే ఏడాది కొలంబియా ఆమె పాత రికార్డులన్నిటినీ ఎల్పీలుగా మళ్లీ అమ్మడం మొదలుపెట్టింది.

ఆ పాట గురించి ఇంకో సంగతి చెప్పాలి. బెస్సీ స్మిత్ పేరు తెలిసినవాళ్లు కూడా ఆ పాట ఎవరు కట్టారో అడగరు. మాటలు అల్బర్టా హంటర్‌వి, బాణీ లవీ ఆస్టిన్‌ది. ఇద్దరూ స్త్రీలే. లవీ ఆస్టిన్ షికాగో నాటకశాలల్లో పియానో వాయిస్తూ బ్యాండు నడిపేది. పిట్స్‌బర్గ్‌లో చిన్నపిల్లగా ఆమెను చూసిన ఒకమ్మాయి ఆ దృశ్యాన్ని జీవితమంతా చెప్పుకుంది: నోట్లో సిగరెట్టు, ఎడమచెయ్యి పియానో మీద, కుడిచెయ్యి తర్వాతి అంశానికి స్వరాలు రాస్తూ. ఆ చిన్నపిల్ల పేరు మేరీ లూ విలియమ్స్. ఆమె దగ్గరకు మళ్లీ వస్తాను. లవీ ఆస్టిన్ మాత్రం రెండో ప్రపంచయుద్ధ కాలంలో రక్షణ ఫ్యాక్టరీలో ఉద్యోగం చేసింది, తర్వాత ఒక డాన్స్ స్కూల్లో పియానో వాయించి బతికింది. ఏంజెలా డేవిస్ 1998లో బ్లూస్ గాయనుల మీద రాసిన పుస్తకం మా తరం పరిశోధకులకు చాలా ఇచ్చింది. మా రైనీ, బెస్సీ స్మిత్ పాటల మాటలన్నీ రికార్డులు విని రాసుకుని అందులో అచ్చువేయడం ఒక్కటే చాలు ఆమెకు ఋణపడటానికి. అయితే ఆ పుస్తకం గొంతుల గురించి. ఆ గొంతుల వెనక పియానో ముందు ఎవరున్నారన్నది దాని విషయం కాదు.

1925 నవంబరు 12న షికాగోలో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ తన పేరుతో మొదటి రికార్డులు చేశాడు. బ్యాండు పేరు హాట్ ఫైవ్. అంతకుముందు జాజ్ అంటే అందరూ కలిసి అల్లుకుంటూ వాయించడం. ఈ రికార్డుల్లో ఒక్క మనిషి ముందుకొచ్చి మనోధర్మంతో విస్తరించడం మొదలైంది. జాజ్ చరిత్ర ఏది తెరిచినా ఈ ఘట్టం ఉంటుంది. ఆ అయిదుగురిలో పియానో ముందున్న లిల్ హార్డిన్ గురించి మాత్రం 'ఆర్మ్‌స్ట్రాంగ్ భార్య' అని ఒక్క మాటతో సరిపెడతారు. ఒక సెమినార్‌లో ఆమె పేరెత్తితే అధ్యక్షుడు కూడా సరిగ్గా ఆ మాటే అందించాడు, నాకు సాయం చేస్తున్నట్టు.

ఆమె 1898లో మెంఫిస్‌లో పుట్టింది. ఫిస్క్ విశ్వవిద్యాలయంలో కొంతకాలం చదివింది. శాస్త్రీయ పాశ్చాత్య సంగీతం నేర్చుకుంది. షికాగోలో ఒక మ్యూజిక్ షాపులో, కొనుగోలుదారులకు స్వరపత్రాలు వాయించి వినిపించే ఉద్యోగంతో మొదలుపెట్టి, కింగ్ ఆలివర్ బ్యాండులో పియానిస్టు అయింది. అప్పటికి ఆర్మ్‌స్ట్రాంగ్ అదే బ్యాండులో రెండో కార్నెట్. 1923లో రిచ్‌మండ్ అనే ఊళ్లో రికార్డింగు. అప్పటికి మైకులు లేవు, అందరూ ఒక పెద్ద కొమ్ములోకి వాయించాలి. ఆర్మ్‌స్ట్రాంగ్ ధ్వని మిగతావాళ్లను మింగేస్తోందని అతన్ని దూరంగా మూలన నిలబెట్టారు. అందరూ అతన్ని చూసి జాలిపడుతుంటే తనకు మాత్రం ఇంకోటి తోచిందని లిల్ తర్వాత చెప్పింది: దూరం పెడితే తప్ప మిగతావాళ్లు వినబడటం లేదంటే ఇతను వాళ్లకంటే పెద్ద వాయిద్యకారుడన్నమాట. 1924లో వాళ్లు పెళ్లి చేసుకున్నారు. ఆలివర్ దగ్గర రెండో స్థానంలో ఉండొద్దని పోరి అతన్ని బయటికి తెచ్చింది ఆమే. న్యూయార్క్ వెళ్లిన మనిషిని మరుసటేడు షికాగోకు రప్పించి, తన బ్యాండులో చేర్చుకుని, ప్రపంచంలోనే గొప్ప ట్రంపెట్ వాద్యకారుడని బోర్డు రాయించిందీ ఆమే. హాట్ ఫైవ్ మొదటిరోజు రికార్డు చేసిన వాటిలో 'మై హార్ట్' ఆమె కట్టినది. 1927 నాటి 'స్ట్రటిన్ విత్ సమ్ బార్బెక్యూ' కూడా రికార్డు మీద ఆమె పేరుతోనే ఉంది. ఆ బాణీ నిజంగా ఆమెదేనా అని తర్వాత చాలామంది సందేహించారు. భర్త బాణీ అయి ఉంటే ఎవరికీ సందేహం వచ్చి ఉండేది కాదేమో!

వినమని ఎవరికైనా మొదట చెప్పేది హాట్ ఫైవ్ రికార్డులే. నిజాయితీగా చెప్పాలంటే వాటిలో లిల్ సోలోలు గొప్పగా ఉండవు. పియానో మీద ఆమెకంటే సమర్థులు ఆ ఊళ్లోనే ఉన్నారు. 1928లో ఆమె స్థానంలోకి ఎర్ల్ హైన్స్ వచ్చినప్పుడు తేడా వెంటనే తెలుస్తుంది. నేనంటున్నది ఆమె గొప్ప పియానిస్టు అని కాదు. ఆ సంగీతానికి ఆమె ఇచ్చినవి వేరు: బాణీలు, లయ చెదరకుండా కాసే నాలుగు గట్టి బీట్లు, వీటన్నిటికంటే ముందు 'ఇది అతని పేరుతో రావాలి' అన్న నిర్ణయం. ఈ మూడో దాన్ని సంగీత విమర్శ ఏ గడిలో వేస్తుంది?

1938లో విడాకులయ్యాయి. ఆ తర్వాత ఆమె బ్యాండు నడిపింది, పాటలు కట్టింది, బట్టలు డిజైన్ చేసి కుట్టింది. ఆమె 'జస్ట్ ఫర్ ఎ థ్రిల్' పాటను రే చార్లెస్ 1959లో పాడి అందరికీ తెలిసేలా చేశాడు. తన జీవితం తానే చెప్పుకున్న రికార్డు ఒకటి ఉంది, రివర్‌సైడ్ కంపెనీ తెచ్చింది. దాని పేరు 'శాచ్‌మో అండ్ మి'. శాచ్‌మో అంటే ఆర్మ్‌స్ట్రాంగ్ ముద్దుపేరు. సొంత కథకు కూడా ముందు పేరు అతనిదే. 1971 జులైలో అతను పోయాడు. ఆగస్టు 27న షికాగోలో అతని స్మృతి కచేరీలో 'సెయింట్ లూయీ బ్లూస్' వాయిస్తూ లిల్ పియానో దగ్గరే కుప్పకూలి చనిపోయింది. ఈ మరణాన్ని ప్రేమకథగా చెప్పడం చాలాచోట్ల చదివాను. నాకు మాత్రం ఆమె డెబ్బయ్‌మూడేళ్ల వయసులో పని చేస్తూ పోయిన సంగీతకారిణి.

ఇక ఎల్పీల కాలం. 'కైండ్ ఆఫ్ బ్లూ' 1959 మార్చి, ఏప్రిల్ నెలల్లో రెండే రోజుల్లో న్యూయార్క్‌లో రికార్డయింది. ఆగస్టు 17న విడుదలైంది. సరిగ్గా నెల ముందు, జులై 17న, బిల్లీ హాలిడే అదే నగరంలో ఆసుపత్రి మంచం మీద పోలీసు కాపలాలో చనిపోయింది. మాదకద్రవ్యాల కేసులో శిక్షపడ్డాక, 1947 నుంచి న్యూయార్క్ క్లబ్బుల్లో పాడే అనుమతి కార్డు ఆమెకు లేకుండా చేశారు. 1939లో ఆమె 'స్ట్రేంజ్ ఫ్రూట్' పాడతానంటే కొలంబియా ఒప్పుకోలేదు, కమొడోర్ అనే చిన్న కంపెనీకి పాడాల్సివచ్చింది. తెల్లవాళ్ల గుంపులు నల్లవాళ్లను చెట్లకు ఉరితీసిన దక్షిణాది మీద పాట అది. జాబితాల్లో ఎక్కువగా వచ్చేది ఆమె చివరి కాలపు 'లేడీ ఇన్ సాటిన్'. శిథిలమైన గొంతు, వెనక పట్టులాంటి వయొలిన్లు. ఆ ఆల్బమ్ అంటే నాకూ ఇష్టమే. కానీ శిథిలమైన స్త్రీని వినడంలో శ్రోతకు ఏదో ప్రత్యేక సుఖం ఉన్నట్టుంది, అది నన్ను ఇబ్బంది పెడుతుంది. కొనేవాళ్లు 1930ల చివరి రికార్డులు కూడా కొనండి. అక్కడ ఆమె నవ్వుతుంది.

'కైండ్ ఆఫ్ బ్లూ' సంగీతం గురించి తగువు లేదు. అంతకుముందు జాజ్‌లో స్వరమేళనాలు గబగబా మారుతుండేవి, వాయించేవాళ్లు వాటి వెంట పరిగెత్తాలి. ఇక్కడ ఒకే స్వరవరస మీద చాలాసేపు నిలబడి, తీరిగ్గా విస్తరించుకోవచ్చు. రాగాలాపన విన్న చెవికి ఇందులో ప్రవేశం తేలిక. మన ఇళ్లలో జాజ్ మొదలుపెట్టాలనుకునేవాళ్లకు ఇదే సరైన ద్వారం అని నేనూ చెబుతాను. ఇబ్బంది వేరేచోట ఉంది. మైల్స్ డేవిస్ 1989లో వచ్చిన ఆత్మకథలో తన భార్యలను కొట్టానని తానే చెప్పుకున్నాడు. అందులో ఒకరు ఫ్రాన్సెస్ టేలర్, నాట్యకళాకారిణి. 'వెస్ట్ సైడ్ స్టోరీ' మొదటి బృందంలో ఉండి, అతను వద్దన్నందుకు ఆ పని మానేసింది. 1961లో అతని ఆల్బమ్ ముఖచిత్రం మీద ఆమె ముఖం వచ్చింది. ఆల్బమ్ పేరు 'సమ్‌డే మై ప్రిన్స్ విల్ కమ్', రాకుమారుడు ఏనాటికైనా వస్తాడని! 1965లో ఆమె ఆ ఇల్లు వదిలి వెళ్లిపోయింది. 1967 నాటి 'సోర్సరర్' అట్ట మీద నటి సిసిలీ టైసన్, 1968లో రికార్డయిన ఆ తర్వాతి ఆల్బమ్ మీద బెట్టీ మేబ్రీ. బెట్టీ తానే పాటలు రాసి పాడేది, మైల్స్ చెవికి కొత్త తరం రాక్ సంగీతాన్ని చేర్చిన మనిషి. అట్ట ముందు స్త్రీ ముఖం, అట్ట ముందు పురుషుడి పేరు. ముఖానికి పేరు లేదు.

అట్లాంటాకు చెందిన నల్లజాతి రచయిత్రి పెర్ల్ క్లీజ్ 1990లో మైల్స్ మీద కోపంతో ఒక వ్యాసం రాసింది. ఒంటరి రోజుల్లో ఆ సంగీతమే తనకు తోడుగా ఉండేదని చెబుతూనే, మనలాంటివాళ్లను కొట్టినవాడి సంగీతాన్ని మన ఇంట్లో ఎలా పెట్టుకుంటామని నిలదీసింది. ఈ ప్రశ్నను మన సాహిత్య సభల్లో వేరే పేర్లతో చాలాసార్లు విన్నాం. రచనను, మనిషిని వేరుచేసి చూడాలన్న జవాబూ విన్నాం. వేరుచేయడం అంత సులభమని నేననుకోను. మైల్స్ బలం అతని నిశ్శబ్దంలో ఉంది. ఒక స్వరానికీ ఇంకో స్వరానికీ మధ్య అతను వదిలే ఖాళీలో ఉన్న సౌకుమార్యం వింటుంటే ఆ ఆత్మకథ గుర్తురాకుండా ఉండదు. ఆ సీడీ నా దగ్గర ఉంది, వింటూనే ఉంటాను, క్లీజ్ వ్యాసం ప్రతి దాని అట్టలోనే మడిచిపెట్టాను. అరువడిగిన స్నేహితులకు రెండూ కలిపే ఇస్తాను. ఒకామె వ్యాసం ఉంచుకుని సీడీ తిరిగిచ్చింది.

1958 ఆగస్టులో హార్లెమ్‌లో ఒక ఇంటి మెట్ల మీద జాజ్ సంగీతకారులంతా నిలబడి ఫోటో దిగారు. ఆర్ట్ కేన్ తీసిన ఆ ఫోటోలో 57 మంది ఉన్నారు. స్త్రీలు ముగ్గురు: గాయని మాక్సీన్ సలివన్, పియానిస్టులు మరియన్ మెక్‌పార్ట్‌లండ్, మేరీ లూ విలియమ్స్. ఈ చివరి ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు. మేరీ లూ 1930లలో ఆండీ కర్క్ బ్యాండుకు పియానిస్టు, అరేంజర్. బెన్నీ గుడ్‌మన్‌కూ, డ్యూక్ ఎలింగ్టన్‌కూ రాసిపెట్టింది. 1940లలో హార్లెమ్‌లోని ఆమె ఇల్లు థెలోనియస్ మంక్, బడ్ పావెల్, డిజీ గిలెస్పీ లాంటి కుర్రవాళ్లకు బడి. కొత్త సంగీతం ఆ పియానో చుట్టూ పెరిగింది. వాళ్ల పేర్లు జాబితాల్లో ఉన్నాయి. ఆమె 1945లో పన్నెండు రాశుల మీద 'జోడియాక్ సూట్' కట్టింది. మేషం బిల్లీ హాలిడేకూ బెన్ వెబ్‌స్టర్‌కూ, వృషభం ఎలింగ్టన్‌కూ తనకూ. చిన్న చిన్న ముక్కలు, ఒక్కొక్కటీ ఒక మనిషి ముఖం. 1954లో పారిస్‌లో వేదిక మీది నుంచి లేచి వెళ్లిపోయి మూడేళ్లు కచేరీలు మానేసింది, కేథలిక్కు అయింది. జబ్బుపడ్డ, వ్యసనాల్లో చిక్కుకున్న సంగీతకారుల సాయానికి పాతబట్టల దుకాణం నడిపింది. తిరిగివచ్చాక 1964లో 'బ్లాక్ క్రైస్ట్ ఆఫ్ ది ఆండీస్' ఆల్బమ్ తెచ్చింది. కంపెనీ పేరు మేరీ రికార్డ్స్. ఆమె సొంత కంపెనీ. అట్ట ముందూ వెనకా, లోపల పళ్లెం మీదా ఆమె పేరే ఉన్న ఆల్బమ్ అది. ఒక్కటే కొనగలిగితే ఏది కొనాలని అడిగేవాళ్లకు ఇన్నాళ్లుగా నేను చెబుతున్నది ఇదే.

మెల్బా లిస్టన్‌ను ఇక్కడ ఒక్క పేరాలో దాటిపోవడం అన్యాయమే. ట్రాంబోన్ వాద్యకారిణి. రాండీ వెస్టన్ 1960లో చేసిన 'ఉహూరు ఆఫ్రికా'కు అరేంజ్‌మెంట్లు రాసింది ఆమే. ఆఫ్రికా దేశాల స్వాతంత్య్రాన్ని పాడిన ఆ రికార్డును దక్షిణాఫ్రికా నిషేధించింది. అట్ట మీద వెస్టన్ పేరు ఉంటుంది, సంగీతంలో ప్రతి కొమ్ము ఆమె చెప్పినచోట ఊపిరి తీసుకుంటుంది. మగవాళ్ల బ్యాండులతో తిరిగిన రోజుల్లో ఎదుర్కొన్న లైంగిక హింస గురించి తర్వాత ఆమె దాపరికం లేకుండా మాట్లాడింది. జాజ్ చరిత్రల్లో బస్సు ప్రయాణాలన్నీ సరదా కథలు. ఆ బస్సులో ఒక్క స్త్రీ ఉంటే కథ వేరు.

అదే ఏడాది మాక్స్ రోచ్ 'వుయ్ ఇన్సిస్ట్!' వచ్చింది. పౌరహక్కుల పోరాటం మధ్యలో పుట్టిన ఆల్బమ్. అట్ట మీద అతని పేరుతో పాటు 'ఫ్రీడమ్ నౌ సూట్' అని ఉంటుంది. అందులో ఒక భాగంలో మాటలు లేవు, అతని డ్రమ్స్, ఆబీ లింకన్ గొంతు, అంతే. ప్రార్థనలా మొదలై నడుమ అరుపుగా మారుతుంది. నిమిషానికి పైగా ఆమె అరుస్తూనే ఉంటుంది. మొదటిసారి విన్నప్పుడు నేను లేచి కిటికీ తలుపు వేశాను, పక్కింటివాళ్లు ఏమనుకుంటారో అని. అందమైన గొంతు ఉండి, అందంగా కనిపించే దుస్తుల్లో నిలబెట్టబడి, ఆ అందాన్ని ఆమె తన ఇష్టంతో పక్కన పెట్టేసిన క్షణం అది. మరుసటేడు ఆమె 'స్ట్రెయిట్ అహెడ్' చేస్తే, 'డౌన్‌బీట్' పత్రికలో విమర్శకుడు ఐరా గిట్లర్ ఆమె తన జాతినే వృత్తిగా పెట్టుకుందని ఆక్షేపించాడు. దాని మీద పత్రిక చర్చాగోష్ఠి కూడా పెట్టింది. ఆ తర్వాత ఒక పుష్కరం పాటు ఆమె పేరుతో ఆల్బమ్ లేదు. 1966లో వ్యాసం రాసింది, నల్లజాతి స్త్రీని గౌరవించేదెవరు అని అడుగుతూ. టోనీ కేడ్ 1970లో తెచ్చిన 'ది బ్లాక్ ఉమన్' సంకలనంలో అది చేరింది. ఆ పుస్తకం మనలో చాలామంది చదివాం. అరిచిన గొంతూ, వ్యాసం రాసిన చెయ్యీ ఒకరివేనని నాకు చాలా ఏళ్లు తెలియదు. సాహిత్యం అల్మారా వేరు, సంగీతం అల్మారా వేరు.

'ఎ లవ్ సుప్రీమ్' దగ్గరకు వస్తాను. 1964 డిసెంబరు 9న న్యూజెర్సీలో రికార్డయింది. నాలుగు భాగాల దైవప్రార్థన. అది ఎలా పుట్టిందో అందరూ చెప్పే కథ ఒకటుంది. ఆ ఏడాది వేసవి చివర లాంగ్ ఐలండ్‌లోని కొత్త ఇంట్లో కోల్ట్రేన్ మేడ మీది గదిలోకి వెళ్లాడు. అయిదు రోజులు దాదాపుగా బయటికి రాలేదు. దిగి వచ్చినప్పుడు అతని ముఖంలో గొప్ప ప్రశాంతి. కొండ దిగివచ్చిన మోషేలా ఉన్నాడని అలిస్ చెప్పింది. ఈ కథ మనకు చేరింది ఆమె నోటి నుంచే.

ఆ మాట చెప్పాలంటే ఆమె కింద ఉండాలి. కింద ఏం జరుగుతోంది? ఆగస్టు నెలాఖరులో ఆమెకు కొడుకు పుట్టాడు. మొదటి పెళ్లిలో పుట్టిన నాలుగేళ్ల కూతురు ఉంది. అంటే అయిదు రోజుల మేడగది కింద పచ్చి బాలింత, పసివాడు, చిన్నపిల్ల ఉన్నారు. పైగా ఆమె మామూలు శ్రోత కాదు. డెట్రాయిట్‌లో చర్చి ఆర్గన్ దగ్గర పెరిగి, పారిస్ వెళ్లి బడ్ పావెల్ దగ్గర మెళకువలు తెలుసుకున్న పియానిస్టు. వర్జీనియా ఉల్ఫ్ అడిగిన గది ఆ ఇంట్లో ఉంది, దాంట్లో అప్పుడు ఒకరికే చోటు. కోల్ట్రేన్ మంచివాడు కాదని నేననడం లేదు. అతను సౌమ్యుడు, ఆమెను సంగీతంలో ప్రోత్సహించినవాడు. 1966లో మెకాయ్ టైనర్ వెళ్లిపోతే ఆ స్థానంలో ఆమెనే తీసుకున్నాడు. భార్య కాబట్టి తీసుకున్నాడని గొణిగినవాళ్లున్నారు. అయినా ఆ ఆల్బమ్ పెట్టినప్పుడల్లా పైన వినిపిస్తున్న శాక్సఫోన్‌తో పాటు కింది అంతస్తును కూడా వింటాను.

1967 జులై 17న కోల్ట్రేన్ కాలేయ క్యాన్సర్‌తో పోయాడు. నలభై ఏళ్లు. ఆమెకు ఇరవైతొమ్మిదే, నలుగురు పిల్లలు. అతను బతికుండగా ఆర్డరిచ్చిన హార్ప్ అతను పోయాక ఇంటికి వచ్చింది. ఆమె దాన్ని వాయించడం మొదలుపెట్టింది. (డెట్రాయిట్ నుంచే వచ్చిన డొరతీ ఆష్‌బీ అప్పటికి పదేళ్లుగా జాజ్‌లో హార్ప్ వాయిస్తోంది, ఆమె రికార్డులూ వెతకండి.) దుఃఖంలో ఆమెకు స్వామి సచ్చిదానంద పరిచయమయ్యాడు. కోయంబత్తూరు ప్రాంతం నుంచి వెళ్లిన సన్యాసి. 1971లో వచ్చిన 'జర్నీ ఇన్ సచ్చిదానంద' ఆల్బమ్ తంబురా శ్రుతితో మొదలవుతుంది. దాని మీద బాస్ ఒకే వరసను తిప్పుతూ ఉంటుంది, పైన హార్ప్ నీళ్లలా జారుతుంది, ఫేరో సాండర్స్ శాక్సఫోన్ వచ్చి చేరుతుంది. ఆ కాలంలో పాశ్చాత్యులు మన వాద్యాలను అలంకారానికి వాడుకున్న రికార్డులు బోలెడున్నాయి. ఇందులో తంబురా అలంకారం కాదు, నేల.

వితంతువు భక్తిలోకి వెళ్లిందనగానే మనకు ఒక అసౌకర్యం. తరిగొండ వెంగమాంబను చదివేటప్పుడూ ఇదే ఎదురవుతుంది: ఇది లొంగుబాటా, దారి వెతుక్కోవడమా? అలిస్ విషయంలో ఆ పేరుతో ఆమె ఏం చేయగలిగిందో చూడటమే నాకు ఉపయోగపడింది. కాలిఫోర్నియాలో ఆశ్రమం స్థాపించింది. స్వామిని తురీయసంగీతానంద అయింది. ఆశ్రమానికి తర్వాత పెట్టిన పేరు సాయి అనంతం. ఆ సాయి మన పుట్టపర్తి సత్యసాయి. ఒక బాబా నీడ ఎందుకు కావాల్సివచ్చిందని నాకు ఉండనే ఉంది. కానీ ఆ ఆశ్రమంలో పీఠం మీద కూర్చున్నది ఆమే, ఆర్గన్ ముందు కూర్చున్నదీ ఆమే. 2007లో ఆమె చనిపోయింది. 2018 నవంబరులో కార్చిచ్చుకు ఆ భవనాలు కాలిపోయాయి.

అంతకుముందు జరిగిన ఒక సంగతిని విమర్శకులు ఆమెకు చాలాకాలం క్షమించలేదు. 1972లో 'ఇన్ఫినిటీ' అనే ఆల్బమ్ తెచ్చింది. కోల్ట్రేన్ చివరి ఏళ్లలో చేసిన రికార్డింగులు తీసుకుని, వాటి మీద తాను రాసిన వయొలిన్ బృందాన్ని చేర్చింది. బాస్ వరసలను కొత్తగా వాయింపించింది. భర్త పవిత్ర గ్రంథంలో భార్య చేయిపెట్టిందని గగ్గోలు. అది గొప్ప ఆల్బమని నేను వాదించను, కొన్నిచోట్ల తంత్రులు ఎక్కువయ్యాయి. కానీ ఆమె అతని బ్యాండులో వాయించిన మనిషి, అతని సంగీతం ఎటు పోతోందో లోపల్నుంచి తెలిసిన మనిషి.

ఫోన్లో పాటలు వినే ఈ రోజుల్లో అట్టకు వెనక వైపు లేదు. వేలిగోరంత ముఖచిత్రం, ఒక పేరు. పియానో ఎవరు, బాణీ ఎవరిది అన్నది వెతుక్కుంటే తప్ప తెలియదు. కొని దాచుకోమని నేను చెప్పడానికి పెద్ద కారణం ధ్వని నాణ్యత కాదు, ఆ వెనక వైపే. ఖరీదైన ఎల్పీలే కానక్కర్లేదు, పాత సీడీ అయినా చాలు.

ఆశ్రమంలో అలిస్ తనవాళ్ల కోసం క్యాసెట్లు చేసింది. 1982 నాటి 'తురీయ సింగ్స్'లో తొలిసారి రికార్డు మీద తాను పాడింది. సంస్కృత భజనలు, లోతైన నెమ్మది గొంతు, ఆర్గన్. వాటి చుట్టూ తానే చేర్చిన సింథసైజర్, తంత్రుల బృందం. 2021లో కొడుకు రవి కోల్ట్రేన్, సితార్ రవిశంకర్ పేరు పెట్టుకున్న శాక్సఫోన్ వాద్యకారుడు, దాన్ని 'కీర్తన్' పేరుతో మళ్లీ తెచ్చాడు. తంత్రులు లేవు, సింథసైజర్ లేదు. గొంతు, ఆర్గన్ మాత్రమే. ఇదే స్వచ్ఛమైన రూపమని పత్రికలు మెచ్చుకున్నాయి. భర్త సంగీతానికి ఆమె తంత్రులు కలిపితే అపచారమైంది, ఆమె సంగీతం నుంచి తంత్రులు తీసేస్తే స్వచ్ఛత అయింది.

రవి విడుదల బాగుంది, కొనుక్కున్నాను. పాత క్యాసెట్‌కు చేతులు మారుతూ వచ్చిన ప్రతి ఒకటి కూడా నా దగ్గర ఉంది. టేపు బుసబుసలతో, అక్కడక్కడ వణుకుతూ ఉంటుంది. ఆ తంత్రులు ఎక్కడ లేవాలో, ఎక్కడ ఆగాలో రాసింది ఆమె. నేను ఎక్కువసార్లు పెట్టుకునేది అదే.